థామస్ మన్రో

సర్ థామస్ మన్రో (1761 మే 27 – 1827 జూలై 6) ఈస్టిండియా కంపెనీలో సైనికోద్యోగిగా ప్రవేశించి, దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా, ఆ తరువాత మద్రాసు గవర్నరుగా పనిచేసిన స్కాట్లండు దేశీయుడు. రైతుతో ప్రభుత్వం నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని దక్షిణ భారతదేశంలో స్థిరపరచినవాడిగా ప్రసిద్ధుడు. కలెక్టరుగా ఉన్న ఏడేళ్ళలో అధిక భాగం మజిలీ నుంచి మజిలీకి సాగుతూ, గుడారాలలో నివసిస్తూ గడిపాడు. ఆదోని, పత్తికొండ, గుత్తి, అనంతపురం, కడప ప్రాంతాలలో అతడు తిరిగిన దారులు, విడిది చేసిన తోపులు చాలాకాలం ప్రజల జ్ఞాపకంలో నిలిచాయి. చివరికి అటువంటి ఒక ప్రయాణంలోనే నేటి కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి మరణించాడు.

బాల్యం, విద్య

మన్రో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసే వర్తకుడు. తల్లి మార్గరెట్ స్టార్క్. చిన్నతనంలో తట్టు సోకడం వలన మన్రోకు కొంత చెవుడు వచ్చింది. ఆ లోపం జీవితాంతం ఉండిపోయింది. గ్లాస్గో గ్రామర్ పాఠశాలలోను, గ్లాస్గో విశ్వవిద్యాలయంలోను చదివాడు. గణితం, రసాయన శాస్త్రాలపై మక్కువ చూపాడు. డాన్ క్విక్సోట్ కథను మూలంలో చదవాలన్న కోరికతో స్పానిష్ భాష నేర్చుకున్నాడు.

కుటుంబానికి నగరం వెలుపల కెల్విన్ నది సమీపాన నార్త్‌సైడ్ అనే వేసవి విడిది ఉండేది. అక్కడ ఏటిలో ఈదడం, గట్ల వెంట కాలినడకన తిరగడం మన్రోకు అలవాటయ్యాయి. భారతదేశం నుంచి సోదరి ఎర్‌స్కిన్‌కు రాసిన లేఖలలో ఆ ప్రదేశాన్ని పలుమార్లు తలచుకున్నాడు. దాదాపు మూడు దశాబ్దాల తరువాత స్వదేశానికి వెళ్ళినపుడు మొదట వెదుక్కుంటూ వెళ్ళిన చోట్లలో అదీ ఒకటి.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వలన తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. వర్తక సంస్థలో గుమాస్తాగా ఉన్న మన్రో, 1779లో కంపెనీ పదాతి దళంలో కేడెట్ ఉద్యోగం సంపాదించి, 1780 జనవరిలో మద్రాసు చేరాడు.

సైనిక జీవితం, బారామహల్

మన్రో వచ్చిన సంవత్సరమే మైసూరు పాలకుడు హైదర్ అలీ కర్ణాటక ప్రాంతంపై దండెత్తాడు. 1784 వరకు సాగిన ఆ యుద్ధంలో మన్రో పాల్గొన్నాడు. 1790-92లో టిప్పు సుల్తానుపై కారన్‌వాలిస్ నడిపిన యుద్ధంలోనూ పనిచేశాడు. ఈ మధ్యకాలంలో పారశీకం, హిందుస్తానీ భాషలు నేర్చుకున్నాడు.

1792లో టిప్పు వదులుకున్న బారామహల్ (నేటి తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి, సేలం ప్రాంతం) పాలనను కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించారు. అతని సహాయకులలో మన్రో ఒకడు. రైత్వారీ ఆలోచన ఇక్కడే రూపు దిద్దుకున్నది. దీనికి తొలి రూపకర్త రీడ్. మన్రో దానిని విస్తరించి, సిద్ధాంతంగా మలచి, సమర్థించాడు. ధర్మపురిలో మన్రో స్వయంగా ఒక తోట పెంచాడు. ఆ ఊరు విడిచి వెళ్ళేటప్పుడు తోటను వదలి పోవడం తనకు కష్టంగా ఉన్నదని లేఖలలో తెలిపాడు.

1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత, మైసూరు రాజ్య పంపిణీకి ఏర్పడిన సంఘానికి జాన్ మాల్కంతో కలిసి కార్యదర్శిగా పనిచేశాడు. వెంటనే కెనరా (నేటి కర్ణాటక కోస్తా) కలెక్టరుగా నియమితుడయ్యాడు. అక్కడి పని, ఎడతెగని వర్షాలు అతనికి నచ్చలేదు. తానుగా కోరుకుని దత్తమండలాలకు బదిలీ చేయించుకున్నాడు.

దత్తమండలాలు

1800 అక్టోబరు 12న జరిగిన ఒప్పందం ప్రకారం హైదరాబాదు నిజాం, సైనిక సహాయానికి ప్రతిఫలంగా, మైసూరు యుద్ధాలలో తనకు లభించిన భూభాగాలను కంపెనీకి ఇచ్చివేశాడు. ఇవే దత్తమండలాలు. వీటికి రాయలసీమ అనే పేరు 1928లో వచ్చింది. నేటి బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు జిల్లా పశ్చిమ భాగం ఇందులో ఉండేవి. కర్నూలు పట్టణం, దాని చుట్టుపట్ల గ్రామాలు మాత్రం 1839 వరకు నవాబు ఆధీనంలో ఉన్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, మంత్రాలయం ప్రాంతాలు మన్రో పాలన కిందికి వచ్చాయి.

ఈ ప్రాంతం అప్పటికి దీర్ఘకాలంగా యుద్ధాలతో నలిగిపోయి ఉన్నది. ఆదోని కోట నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుకు కేంద్రంగా ఉండేది. 1786లో టిప్పు సైన్యం దానిని ముట్టడించి పట్టుకున్నది. చేతులు మారిన ప్రతిసారీ శిస్తు వసూలు చేసే అధికారి మారేవాడు. రైతుకు ఎంత కట్టాలో, ఎవరికి కట్టాలో నికరంగా తెలిసేది కాదు. సుమారు 80 మంది పాలెగాళ్ళు తమ తమ కోటలలో సాయుధ బలాలతో స్వతంత్రంగా వ్యవహరించేవారు.

మన్రో కింద నలుగురు సహాయ కలెక్టర్లు ఉండేవారు. ఆదోని భాగాన్ని విలియం థాకరే చూసేవాడు. ఇతడు ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరేకు పెదతండ్రి.

పాలెగాళ్ళ అణచివేత, తెర్నేకల్ ఘటన

జనరల్ డుగాల్డ్ క్యాంబెల్ నాయకత్వంలోని సైన్యం సహాయంతో మన్రో పాలెగాళ్ళ బలాన్ని విచ్ఛిన్నం చేశాడు. వారి శిస్తును బాగా పెంచడం, కట్టలేనివారిని తొలగించడం, కొందరికి పింఛను ఇచ్చి పక్కకు నెట్టడం ఇందులో భాగాలు. ఈ పద్ధతులు కఠినంగా ఉన్నాయని లండనులోని కంపెనీ డైరెక్టర్లు సైతం ఆక్షేపించారు. ఎవరికీ లొంగని సాయుధ బలాలు ఊళ్ళలో ఉన్నంతకాలం రైతుకు రక్షణ ఉండదని మన్రో తన చర్యలను సమర్థించుకున్నాడు. పాలెగార్ల కుటుంబాలలో మిగిలిన అసంతృప్తి తరువాతి తరాలకూ పాకింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఇది ఒక నేపథ్యం.

ప్రతిఘటన పాలెగాళ్ళకే పరిమితం కాలేదు. 1801లో పత్తికొండకు సమీపంలోని తెర్నేకల్ గ్రామస్థులు ముత్తుకూరు గౌడప్ప నాయకత్వంలో శిస్తు చెల్లించడానికి నిరాకరించారు. వసూలుకు వచ్చిన అధికారి హతుడయ్యాడు. గ్రామ కోట ముందు కంపెనీ సైన్యం మొదట వెనుదిరగవలసి వచ్చింది. చివరకు ఆ సంవత్సరం డిసెంబరులో కోట కూలింది. గ్రామ పెద్దను ఉరితీశారు. రైతు పక్షపాతిగా పేరు పొందిన మన్రో పాలన తొలి సంవత్సరంలోనే జరిగిన ఈ ఘటన, కొత్త శిస్తు వ్యవస్థ వెనుక ఉన్న సైనిక బలాన్ని స్పష్టం చేస్తుంది.

మజిలీల జీవితం

జిల్లా కేంద్రంలో కూర్చుని కాగితాలపై సంతకాలు చేసే పద్ధతిని మన్రో అనుసరించలేదు. మొదటి సంవత్సరాలలో ఎక్కువ కాలం గుడారాలే అతని నివాసం, కచేరీ. ఒక తాలూకా నుంచి మరొక తాలూకాకు, ఒక ఊరి తోపు నుంచి మరొక ఊరి తోపుకు విడిది మారుస్తూ పోయేవాడు. సిపాయిల కాపలా లేకుండా తిరగడం అతని అలవాటు. సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చే అధికారి దగ్గరకు రైతులు రారని, వచ్చినా నిజం చెప్పరని అతని అభిప్రాయం.

తెల్లవారగానే లేచి, తలపాగా గాని టోపీ గాని లేకుండా గుడారం ముందు పచార్లు చేసేవాడు. ఆ సమయంలో ఎవరైనా దగ్గరకు వచ్చి తమ గోడు చెప్పుకోవచ్చు. ఆ తరువాత కచేరీ మొదలయ్యేది. రెడ్లు, కరణాలు, రైతులు వచ్చి శిస్తు లెక్కలపై వాదించేవారు. ఏ పొలంలో ఏ పంట పండుతుంది, ఏ బావిలో ఏ నెల వరకు నీరుంటుంది, ఏ చెరువు కట్ట తెగింది వంటి విషయాలు ఈ సంభాషణలలోనే అతనికి తెలిసివచ్చేవి. ప్రజల భాషలో మాట్లాడగలగడం ఇందుకు తోడ్పడింది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు చాలావరకు నల్లరేగడి మైదానాలు. అక్కడక్కడ పెద్ద బండరాళ్ళు పేర్చినట్లుండే గుట్టలు, ఉత్తరాన తుంగభద్ర నది కనిపిస్తాయి. వానలు పడితే రేగడిలో బండ్లు కూరుకుపోయి ప్రయాణం నిలిచిపోతుంది. వానలు లేకపోతే తాగునీటికే కరువు. గుడారాలు వేయడానికి నీరు, నీడ రెండూ ఉన్న చోటు కావాలి. అందుచేత ఊరి బావి, చింతతోపు, సత్రం ఈ ప్రయాణాలకు ఆధారాలు.

భూమి కొలత, రైత్వారీ పద్ధతి

1802లో మన్రో పొలాల వారీ కొలత ప్రారంభించాడు. మొదట కొద్దిమందితో ఆరంభమైన ఈ పనిలో తరువాత పెద్ద సంఖ్యలో స్థానిక గుమాస్తాలకు శిక్షణ ఇచ్చి నియోగించారు. కొలతకు 33 అడుగుల గొలుసు వాడారు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. గుంట, ఎకరం అనే ఈ లెక్క నేటికీ వాడుకలో ఉన్నది.

కొలత తరువాత భూములను మెట్ట, మాగాణి, తోట అని విభజించి, నేల సారాన్ని బట్టి తరగతులు నిర్ణయించారు. ఒక్కొక్క పొలానికి శిస్తు కట్టారు. రైత్వారీ పద్ధతిలోని ముఖ్యాంశాలు ఇవి:

* జమీందారు గాని, గుత్తేదారు గాని మధ్యలో లేకుండా ప్రభుత్వం రైతుతో నేరుగా వ్యవహరిస్తుంది.
* ప్రతి పొలానికి నిర్దిష్టమైన శిస్తు ఉంటుంది. దానిని ఇష్టానుసారం పెంచరాదు.
* రైతు తనకు వీలైనంత భూమిని ఉంచుకుని, మిగిలినదానిని వదులుకోవచ్చు.
* ఏటా జమాబందీలో లెక్క తేల్చి పట్టా ఇస్తారు.

బెంగాలులో 1793లో కారన్‌వాలిస్ ప్రవేశపెట్టిన శాశ్వత జమీందారీ ఒప్పందానికి ఇది భిన్నమైనది. మద్రాసు రెవెన్యూ బోర్డులో జమీందారీ పద్ధతిని సమర్థించేవారు బలంగా ఉండేవారు. దత్తమండలాలలో జమీందార్లు అనదగినవారు లేరని, లేనివారిని సృష్టించడం రైతుకు నష్టమని మన్రో వాదించాడు.

అధిక శిస్తు సమస్య

దత్తమండలాల వార్షిక ఆదాయం మన్రో వచ్చిన తొలి సంవత్సరంలో సుమారు 10 లక్షల వరహాలు. 1806-07 నాటికి అది 15 లక్షల వరహాలు దాటింది. కంపెనీకి ఇది గొప్ప విజయంగా కనిపించింది. అయితే ఈ రేట్లు రైతు భరించగలిగిన స్థాయిని మించి ఉన్నాయని మన్రో గుర్తించాడు. 1807 ఆగస్టులో పంపిన నివేదికలో అన్ని భూములపైనా శిస్తును 25 శాతం తగ్గించాలని, బావుల కింద, ఏతాల వంటి సాధనాలతో నీరు తోడుకునే భూములపై మొత్తం 33 శాతం తగ్గించాలని సిఫార్సు చేశాడు. సొంత ఖర్చుతో బావి తవ్వుకున్న రైతుపై అధిక శిస్తు వేస్తే ఇక ఎవరూ బావి తవ్వరన్నది అతని వాదనలోని సారాంశం.

ఈ సిఫార్సు అమలు కాలేదు. 1807 చివర మన్రో స్వదేశానికి బయలుదేరాడు. మరుసటి సంవత్సరం దత్తమండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విభజించారు. రైత్వారీని పక్కనపెట్టి, గ్రామాలను మొదట మూడేళ్ళకు, ఆపైన పదేళ్ళకు గుత్తకు ఇచ్చారు. మన్రో నిర్ణయించిన ఎక్కువ రేట్లే గుత్తలకు ఆధారం కావడంతో అనేకులు బాకీలు పడి దివాలా తీశారు. గుత్త విధానం విఫలమైంది.

ఇంగ్లండులో, తిరిగి భారతదేశంలో

1808 నుంచి 1814 వరకు మన్రో బ్రిటనులో ఉన్నాడు. 1813లో కంపెనీ చార్టరు పునరుద్ధరణ సందర్భంగా పార్లమెంటు విచారణలో సాక్ష్యమిచ్చాడు. అతని అనుభవం పార్లమెంటు సంఘం దృష్టిని రైత్వారీ వైపు మళ్ళించింది. 1814 మార్చిలో జేన్ క్యాంబెల్‌ను వివాహమాడాడు. అదే సంవత్సరం న్యాయ, పోలీసు వ్యవస్థల సంస్కరణ సంఘానికి అధ్యక్షుడిగా మద్రాసుకు తిరిగి వచ్చాడు. ఫలితంగా 1816లో వచ్చిన చట్టాలు గ్రామ మునసబులకు, పంచాయతీలకు చిన్న వివాదాలు తీర్చే అధికారం కల్పించాయి.

1817-18లో మరాఠాలతో జరిగిన యుద్ధంలో కొద్దిపాటి సైన్యంతో ధార్వాడ, బాదామి, బెల్గాం తదితర ప్రాంతాలను స్వాధీనపరచుకున్నాడు. 1819లో ఇంగ్లండు వెళ్ళి, సర్ బిరుదు పొంది, మద్రాసు గవర్నరుగా నియమితుడై 1820 జూన్‌లో పదవి స్వీకరించాడు.

గవర్నరుగా

పదమూడేళ్ళ కిందట తిరస్కృతమైన శిస్తు తగ్గింపును, గవర్నరుగా ఉన్న కాలంలో మన్రో దత్తమండలాలలో అమలు చేయించాడు. మెట్ట, మాగాణి భూములపై 25 శాతం, తోటలపై 33 శాతం శిస్తు తగ్గింది. రైత్వారీ పద్ధతి మద్రాసు రాజధానిలో జమీందారీ లేని ప్రాంతాలకు సాధారణ విధానమైంది.

1822లో ప్రతి జిల్లాలోని పాఠశాలల వివరాలు సేకరించమని కలెక్టర్లను ఆదేశించాడు. అప్పుడు ఆదోని ప్రాంతం కూడా చేరి ఉన్న బళ్ళారి జిల్లాలో 533 పాఠశాలలున్నట్లు కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో నివేదించాడు. రాజధాని మొత్తంలో 12,498 పాఠశాలలు, సుమారు 1,88,000 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలింది. దేశీయ విద్య చరిత్రను అధ్యయనం చేసేవారికి ఈ నివేదికలు నేటికీ ముఖ్య ఆధారాలు.

1824 డిసెంబరు 31 నాటి ప్రసిద్ధ పత్రంలో, భారతీయులను ఉన్నతోద్యోగాలకు దూరంగా ఉంచడం వారి శీలాన్ని దిగజార్చుతుందని, వారు తమను తాము పాలించుకోగల స్థితికి చేరినప్పుడు బ్రిటిషు అధికారం క్రమంగా వైదొలగడం మేలని అభిప్రాయపడ్డాడు. బర్మా యుద్ధంలో చేసిన సహాయానికి 1825లో బారొనెట్ హోదా లభించింది.

నీలగిరి యాత్ర

కుమారుని అనారోగ్యం కారణంగా 1826లో లేడీ మన్రో ఇంగ్లండు వెళ్ళింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో మన్రో నీలగిరులను దర్శించాడు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ అక్కడ ఒదగమండలాన్ని అభివృద్ధి చేస్తున్న కాలమది. ఎత్తైన పీఠభూమిపై అలలు అలలుగా పరచుకున్న పచ్చికబయళ్ళు, లోయలలో ఒదిగిన షోలా అడవులు, వానకాలం తరువాత గడ్డి మధ్య పూచే పూలు ఈ కొండల ప్రత్యేకత. దక్షిణ భారతదేశంలో పర్వత పచ్చికభూముల స్వరూపం కనిపించే ప్రదేశాలలో ఇది ముఖ్యమైనది. అక్కడి చలిని, విశాలమైన కొండలను భార్యకు రాసిన లేఖలో మన్రో వర్ణించాడు.

చివరి ప్రయాణం, మరణం

తనకు పదవి నుంచి విడుదల కల్పించాలని మన్రో అప్పటికే కోరి ఉన్నాడు. వారసుడి నియామకంలో జాప్యం జరిగింది. ఎదురుచూపుల కాలంలో, తాను ఎక్కువగా అభిమానించిన దత్తమండలాలను మరొకసారి చూడాలని 1827 మే చివర మద్రాసు నుంచి బయలుదేరాడు. జూలై మొదటి వారంలో గుత్తి చేరేసరికి పరివారంలో కలరా వ్యాపించింది. జూలై 6న పత్తికొండ మజిలీలో ఉదయం మన్రోకు వ్యాధి లక్షణాలు కనిపించాయి. అదే రాత్రి మరణించాడు. వయస్సు 66 సంవత్సరాలు. మరునాడు గుత్తి కోట దిగువన సమాధి చేశారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. వారసుడు లషింగ్టన్ 1827 అక్టోబరులో గాని మద్రాసు చేరలేదు.

స్మారకాలు

* పత్తికొండలో మరణించిన చోట తోపు పెంచి, మెట్ల బావి నిర్మించారు.
* గుత్తిలో బాటసారుల కోసం మన్రో పేరిట సత్రం కట్టించారు.
* మద్రాసులో శిల్పి ఫ్రాన్సిస్ ఛాంట్రీ రూపొందించిన కాంస్య అశ్వారూఢ విగ్రహాన్ని 1839లో ప్రతిష్ఠించారు. ఇందులో గుర్రానికి జీను, రికాబులు లేకపోవడం విశేషం.

బావి, తోపు, సత్రం మూడూ బాటసారికి ఉపయోగపడేవే. మజిలీలలో జీవితం గడిపిన వ్యక్తికి ఇవి తగిన స్మారకాలుగా భావించబడ్డాయి.

జనశ్రుతిలో మన్రో

దత్తమండలాలలో మన్రోను మాండవ్య ఋషి అని వ్యవహరించేవారని, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారని జిల్లా చరిత్రలు చెబుతున్నాయి. అతని చుట్టూ అనేక ఐతిహ్యాలు అల్లుకున్నాయి.

మంత్రాలయం, అప్పటి ఆదోని తాలూకాలోని మంచాల గ్రామం. రాఘవేంద్రస్వామి మఠం భూములను ప్రభుత్వపరం చేసే విషయమై విచారణకు వచ్చిన మన్రోకు బృందావనం నుంచి స్వామి దర్శనమిచ్చి మాట్లాడాడని, వెంట ఉన్నవారికి ఏమీ కనిపించలేదని, ఆ తరువాత భూములు మఠానికే ఉంచబడ్డాయని భక్తుల విశ్వాసం.

కడప జిల్లా గండి క్షేత్రంలో పాపాగ్ని నది కొండల నడుమ ప్రవహించే చోట, పుణ్యాత్ములకు మాత్రమే కనిపించే బంగారు తోరణం మన్రోకు కనిపించిందని, అది మరణానికి సూచన అని మరొక కథ. తిరుమలలో నైవేద్యానికి వాడే మన్రో గంగాళం కూడా అతని పేరుతో ముడిపడి ఉన్నది.

అంచనా

మన్రో జీవితచరిత్రను లేఖలతో సహా జి.ఆర్. గ్లెగ్ 1830లో ప్రచురించాడు. అధికార పత్రాలను అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్ 1881లో సంకలనం చేశాడు. బర్టన్ స్టైన్ 1989లో విమర్శనాత్మకమైన జీవితచరిత్ర వెలువరించాడు.

రైత్వారీ పద్ధతి రైతుకు పట్టా హక్కును, నిర్ణీత శిస్తును ఇచ్చిందన్నది మన్రో అభిమానుల వాదన. అధిక శిస్తును నగదు రూపంలో కట్టవలసి రావడం వలన రైతు వడ్డీ వ్యాపారి చేతిలో చిక్కాడని, కరువు ప్రాంతంలో ఆ భారం మరింత తీవ్రమైందని విమర్శకులు చెబుతారు. రేట్లు ఎక్కువని స్వయంగా ఒప్పుకుని, తగ్గించడానికి పదమూడేళ్ళు వేచి ఉండవలసి రావడం మన్రో జీవితంలోని ముఖ్య వైరుధ్యం. ఈ మధ్యకాలపు భారాన్ని మోసినది రైతులే.

మన్రో పాలించిన ప్రాంతపు సరిహద్దులు తరువాత పలుమార్లు మారాయి. పత్తికొండ 1858లో కర్నూలు జిల్లాలో చేరింది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు బళ్ళారి నుంచి విడివడి కర్నూలు జిల్లాలో కలిశాయి. గుంటలు, ఎకరాలు, పట్టాలు, జమాబందీ అనే మాటలు మాత్రం ఆ పల్లెల భూమి లెక్కలలో నిలిచిపోయాయి.